‘బిహైండ్ బార్స్’ తప్పు లేకుండా రాయడం ఎలా?

బెంగళూరులో ఇంగ్లిషు వెబ్‌సైట్లకు, కంపెనీల వార్తా విభాగాలకు రాస్తున్న తెలుగువాళ్ళు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. జైలు వార్త రాసేటప్పుడు ‘బిహైండ్ బార్స్’ అనాలా, మధ్యలో ‘ద’ పెట్టాలా? అదే వార్తను తెలుగులోకి తెచ్చేవాళ్ళకు ఇంకో ప్రశ్న ఉంటుంది: ‘కటకటాల వెనుక’ అని ఎప్పుడు రాయవచ్చు, ఎప్పుడు రాయకూడదు?

‘ద’ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. జైలు అనే అర్థంలో ‘ద’ రాదు. అయితే నా దగ్గరికి దిద్దుబాటుకు వచ్చే వ్యాసాల్లో వ్యాకరణ దోషం కన్నా పెద్ద దోషం వేరే ఉంటుంది. ఈ పలుకుబడి ఒక మనిషి ఎక్కడ ఉన్నాడో మాత్రమే చెబుతుంది. అతను నేరం చేశాడని చెప్పదు. రాసేవాళ్ళు మాత్రం తీర్పు వచ్చేసినట్టు వాడేస్తారు. అందుకే ఈ మార్గదర్శిలో వాస్తవాల తనిఖీ ముందు వస్తుంది, వాక్యం కట్టడం ఆ తర్వాత వస్తుంది. ఇదే వరుసలో పని చేయండి.

1. కలం పట్టే ముందు: ఈ రోజు ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు?

నిన్నటి వార్తలో జైల్లో ఉన్న మనిషి ఈ రోజు సాయంత్రానికి బెయిలు మీద ఇంట్లో ఉండవచ్చు. కాబట్టి పాత వార్త చూసి ‘జైల్లో ఉన్నాడు’ అని రాయకండి. ముందుగా ఈ వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి:

- అరెస్టు జరిగిన తేదీ, అరెస్టు చేసిన పోలీసు స్టేషను లేదా సంస్థ
- మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచిన తేదీ
- కోర్టు ఇచ్చిన ఆదేశం: పోలీసు కస్టడీనా, జ్యుడీషియల్ కస్టడీనా, బెయిలా?
- ఇప్పుడు ఉన్న చోటు: స్టేషను లాకప్పు, జైలు, ఆసుపత్రి, ఇల్లు
- ఈ సమాచారం ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు

కేసు ఏ దశలో ఉందో చూసుకోవడానికి ఈ-కోర్ట్స్ సేవ ఉంది. ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) ఉంటుంది. అది దొరికితే జిల్లా కోర్టులో వాయిదా ఎప్పుడు పడిందో, ఏ ఆదేశం వచ్చిందో కనిపిస్తుంది. హైకోర్టు, సుప్రీంకోర్టు వెబ్‌సైట్లలోనూ కేసు స్థితి చూసే పేజీలు ఉన్నాయి. ఫోను చేసి అడిగే ముందు వీటిని చూడడం మంచిది. మీ ప్రశ్న సూటిగా ఉంటే లాయరైనా, పోలీసు అధికారైనా సూటిగా జవాబు చెప్పగలరు.

ఆసుపత్రి అనే అంశాన్ని జాబితాలో ఎందుకు పెట్టానో చెప్పాలి. జయలలిత అక్రమాస్తుల కేసులో ఆమె సన్నిహితురాలు వి.కె. శశికళ 2017 ఫిబ్రవరి 15న బెంగళూరు పరప్పన అగ్రహార జైలులో లొంగిపోయారు. 2021 జనవరి 27న శిక్ష ముగిసి విడుదలయ్యేనాటికి ఆమె కోవిడ్ చికిత్స కోసం నగరంలోని విక్టోరియా ఆసుపత్రిలో ఉన్నారు. అలాంటి రోజున ‘కటకటాల వెనుక ఉన్నారు’ అని రాస్తే తప్పు వార్త అవుతుంది. ‘శిక్ష అనుభవిస్తున్నారు, ప్రస్తుతం ఆసుపత్రిలో ఉన్నారు’ అని రాస్తే రెండు నిజాలూ చెప్పినట్టవుతుంది.

2. దశను బట్టి మాట ఎంచుకోండి

ఒక క్రిమినల్ కేసులో మనిషికి పేరు దశలవారీగా మారుతుంది. ఆ పేరు సరిగా ఉంటేనే పలుకుబడి సరిగా అతుకుతుంది.

అరెస్టు: పోలీసులు అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం చెప్పిన నియమం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేర ప్రక్రియా చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. ఈ 24 గంటల్లో ‘అరెస్టయ్యాడు’ అంటే చాలు. ‘కటకటాల వెనక్కి’ తొందరపాటే.

పోలీసు కస్టడీ: విచారణ కోసం కోర్టు అనుమతితో పోలీసుల దగ్గర ఉంచడం. మనిషి స్టేషనులో ఉంటాడు. ఇక్కడ కూడా నేను ఈ పలుకుబడిని వాడనివ్వను. ‘పోలీసు కస్టడీలో ఉన్నాడు’ అనే మాటలో ఎక్కువ సమాచారం ఉంది.

జ్యుడీషియల్ కస్టడీ: కోర్టు ఆదేశంతో జైలుకు పంపడం. మన తెలుగు పత్రికలు ‘రిమాండు’ అని రాసేది సాధారణంగా దీన్నే. ఇక్కడి నుంచి ‘బిహైండ్ బార్స్’ వాడవచ్చు. కానీ ఈ మనిషి ఇంకా నిందితుడే. జైల్లో ఉంటే విచారణ ఖైదీ. ఇంగ్లిషులో రాసేటప్పుడు ‘అండర్‌ట్రయల్’ అనే మాట పక్కనే ఉండాలి.

దోషిగా తేలడం, శిక్ష: ఇప్పుడు మాత్రమే ‘కన్విక్ట్’, ‘దోషి’, ‘శిక్ష పడిన ఖైదీ’ అనే మాటలు వస్తాయి.

బెయిలు, శిక్ష నిలుపుదల, నిర్దోషిగా విడుదల: ఈ మూడూ వేర్వేరు. మూడింటినీ ‘బయటికి వచ్చాడు’ అనే ఒక్క మాటలో కలిపేస్తే పాఠకుడికి సగమే తెలుస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి బలమైన కారణం ఉంది. 2022 చివరినాటి అధికారిక లెక్కల ప్రకారం భారత జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. అంటే మనం ‘బిహైండ్ బార్స్’ అని ఎవరి గురించి రాసినా, ఆ మనిషి నేరం ఇంకా రుజువు కాని మనిషి అయ్యే అవకాశమే ఎక్కువ.

విచారణ అనేదే లేకుండా జైలుకు వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. 1975 జూన్ 26న బెంగళూరులో అరెస్టైన అటల్ బిహారీ వాజపేయి, ఎల్.కె. అద్వానీలను మీసా (అంతర్గత భద్రతా పరిరక్షణ) చట్టం కింద నిర్బంధించి ఇక్కడి సెంట్రల్ జైలులో ఉంచారు. వాళ్ళు కటకటాల వెనుక ఉన్నారన్నది నిజం. ‘శిక్ష పడింది’ అంటే అబద్ధం. ముందు జాగ్రత్త నిర్బంధం వార్త రాస్తే ‘డిటెయిన్డ్’, ‘నిర్బంధంలో ఉన్నారు’ అనే మాటలే వాడండి, ఏ చట్టం కిందో కూడా చెప్పండి.

ఒకే కేసులో తేదీని బట్టి మాట ఎలా మారుతుందో చూడాలంటే తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత అక్రమాస్తుల కేసును వరుసగా పెట్టుకోండి. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ళ జైలు శిక్ష విధించింది. ఆ రోజు ఆమె దోషిగా తేలి పరప్పన అగ్రహార జైలుకు వెళ్ళారు. అక్టోబరు 17న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది, 18న విడుదలయ్యారు. అప్పటికి ఆమె జైల్లో లేరు, అయినా దోషిగా తేల్చిన తీర్పు అలాగే ఉంది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. 2016 డిసెంబరు 5న ఆమె మరణించారు. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి ఇదే కేసులో ఉన్న శశికళ సహా మిగతా ముగ్గురి శిక్షను పునరుద్ధరించింది. మరణం కారణంగా ఆమెకు సంబంధించిన అప్పీళ్ళు ముగిసిపోయాయని చెప్పింది. ఇందులో ఏ రోజు వార్త రాసినా ముందు రోజు మాట పనికిరాదు. మీరు రాస్తున్న కేసుకు కూడా ఇలా తేదీల పట్టీ తయారు చేసుకోండి.

3. చేతికి కన్నడ నోటు వస్తే

బెంగళూరులో పని చేసే మనకు ఇది ప్రత్యేకమైన చిక్కు. పోలీసుల ప్రకటన కన్నడంలో వస్తుంది, లిపి దగ్గరగా ఉంటుంది, మాటలు తెలిసినట్టే కనిపిస్తాయి. తెలిసినట్టు కనిపించే మాట దగ్గరే ఆగి చూడాలి.

- ‘ఆరోపి’ అంటే నిందితుడు. ‘అపరాధి’ అంటే దోషి. ఒకదాని బదులు ఇంకొకటి రాయకండి.
- ‘బంధన’ అంటే అరెస్టు. ‘న్యాయాంగ బంధన’ అంటే జ్యుడీషియల్ కస్టడీ.
- ‘ఆరోప పట్టి’ అంటే ఛార్జిషీటు. అది వచ్చినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.
- ‘జామీను’ అంటే అక్కడ బెయిలు. తెలుగులో హామీ ఉండే మనిషికీ అదే మాట వాడతాం కాబట్టి జాగ్రత్త.
- ‘ఖులాసె’ అంటే నిర్దోషిగా విడుదల. ‘బిడుగడె’ అంటే విడుదల మాత్రమే, అది బెయిలు మీద కావచ్చు, శిక్ష ముగిశాక కావచ్చు.

చివరి జంట దగ్గర అందరికన్నా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ‘బిడుగడె’ చూడగానే కారణం వెతకండి. కారణం దొరక్కపోతే వాక్యంలో ‘విడుదలయ్యాడు’ వరకే రాసి ఆగండి.

కన్నడ వార్తల్లో ‘కంబి ఎణిసు’ అనే మాట కూడా తగులుతుంది. మన ‘ఊచలు లెక్కపెట్టడం’ లాంటిదే. తమిళంలోనూ కమ్మీలు లెక్కపెడతారు. మూడు భాషలకూ ఇంత దగ్గరగా ఉన్న మాటను ఇంగ్లిషులోకి తీసుకెళ్ళి ‘కౌంటింగ్ బార్స్’ అని రాస్తే మాత్రం అర్థం కాదు. అక్కడ ‘బిహైండ్ బార్స్’ చాలు.

4. ఇంగ్లిషు వాక్యం కట్టడం

ఇప్పుడు వ్యాకరణం. కింది వరుసలో ఒక్కొక్కటి చూసుకోండి.

4.1 ‘ద’ తీసేయండి

జైల్లో ఉండడం అనే అర్థంలో ‘బిహైండ్ బార్స్’ రెండే మాటలు. మధ్యలో ‘ద’ వస్తే అది నిజమైన ఇనుప ఊచల గురించి మాట్లాడినట్టవుతుంది.

బెంగళూరు ఫ్రీడమ్ పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు స్థలం. అక్కడి పాత జైలు గదుల్లో ఊచల అవతల నిలబడి ఎవరైనా ఫోటో దిగితే ‘బిహైండ్ ద బార్స్’ అనడం సరైనదే. ఆ మనిషి ఊచల వెనుక ఉన్నాడు గానీ జైల్లో లేడు. జంతు ప్రదర్శనశాలలో బోను ఊచల వెనుక ఉన్న సింహానికీ అదే వర్తిస్తుంది. మనిషి ఖైదులో ఉన్నాడా, కేవలం ఊచల వెనుక ఉన్నాడా అని అడిగితే ‘ద’ ఉండాలో వద్దో వెంటనే తేలుతుంది.

జైలు అనే మాటకూ ఇలాంటి నియమమే ఉంది. ఖైదీ అయితే ‘ఇన్ జైల్’. ములాఖత్తుకు వెళ్ళిన బంధువు, వైద్యుడు, జైలు ఉద్యోగి అయితే ‘ఇన్ ద జైల్’. ఒక్క ‘ద’ జారిపోతే జైలు వైద్యుడు ఖైదీ అయిపోతాడు.

4.2 బహువచనంలోనే ఉంచండి

‘బిహైండ్ బార్’ అనే రూపం లేదు. ‘బిహైండ్ ద బార్’ అంటే మద్యం అందించే బల్ల అవతల నిలబడడం. ఆ పని చేసేవాళ్ళ గురించి రాస్తే అది సరైన ఇంగ్లిషే, జైలుకు మాత్రం సంబంధం లేదు.

4.3 సరిపడే క్రియ

ఈ పలుకుబడితో సహజంగా కలిసే క్రియలు కొన్నే. ఉండడానికి ‘బి’, ‘రిమెయిన్’. పంపడానికి ‘పుట్’, ‘సెండ్’. చేరడానికి ‘ల్యాండ్’, ‘ఎండప్’. కాలం గడపడానికి ‘స్పెండ్’. వీటితో చాలా వార్తలు గడిచిపోతాయి.

తెలుగులో ‘వెనక్కి వెళ్ళాడు’ అంటాం. ఆ ‘కి’ ప్రత్యయం మనసులో ఉండి ఇంగ్లిషులో ‘వెంట్ టు బిహైండ్ బార్స్’ అని వస్తుంది. ఆ ‘టు’ తీసేయాలి. ‘బిహైండ్’ ముందు ‘టు’ అక్కర్లేదు.

‘ఫ్రమ్’ సంగతి వేరు. జైల్లో ఉంటూ బయటి పని నడిపిస్తే ‘ఫ్రమ్ బిహైండ్ బార్స్’ అనడం మంచి ఇంగ్లిషు. 1977లో జార్జి ఫెర్నాండెజ్ జైల్లో ఉంటూనే ముజఫర్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ వాక్యం ఇంగ్లిషులో రాస్తే ‘ఫ్రమ్ బిహైండ్ బార్స్’ చక్కగా అమరుతుంది. తెలుగులో ‘జైలు నుంచే’ అంటే సరి.

4.4 కాలం

తెలుగువాళ్ళ ఇంగ్లిషులో నేను దిద్దేవాటిలో అన్నిటికన్నా మొండి తప్పు ఇది. ‘మూడేళ్ళుగా జైల్లో ఉన్నాడు’ అన్నప్పుడు తెలుగు క్రియ వర్తమానంలోనే ఉంటుంది. అదే అలవాటుతో ‘ఈజ్ బిహైండ్ బార్స్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాస్తారు. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న స్థితికి ‘ఈజ్’ సరిపోదు, ‘హ్యాజ్ బీన్’ కావాలి. రెండోది, కాలవ్యవధి ముందు ‘ఫర్’ రావాలి, మొదలైన సమయం ముందు ‘సిన్స్’ రావాలి. మూడేళ్ళు వ్యవధి కాబట్టి ‘ఫర్’. 2022 మొదలైన సమయం కాబట్టి ‘సిన్స్’.

బయటికి వచ్చేసిన మనిషి గురించి రాస్తే ‘హ్యాజ్ బీన్’ కూడా తప్పే. అప్పుడు ‘స్పెంట్ త్రీ ఇయర్స్ బిహైండ్ బార్స్’ అనాలి. అందుకే ఒకటో మెట్టులో ఈ రోజు ఎక్కడ ఉన్నాడని అడగమన్నాను. ఆ జవాబు తెలియకుండా క్రియ రూపం కూడా తేలదు.

4.5 రెండుసార్లు చెప్పకండి

‘ఇంప్రిజన్డ్ బిహైండ్ బార్స్’ అంటే జైల్లో వేసి జైల్లో వేశారన్నట్టు. ఏదో ఒకటి ఉంచండి.

5. ఎవరు పంపారు?

‘పోలీసులు ముగ్గురిని కటకటాల వెనక్కి నెట్టారు’ అనే శీర్షిక అలవాటుగా వచ్చేస్తుంది. పోలీసులు అరెస్టు చేస్తారు. జైలుకు పంపేది కోర్టు. శిక్ష వేసేదీ కోర్టే. కర్త మారితే అధికారం ఎవరిదన్న విషయమే మారిపోతుంది.

ఇంగ్లిషులో ‘జెయిల్డ్’ అనే మాట దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. ‘జెయిల్డ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అంటే అయిదేళ్ళ శిక్ష పడిందని పాఠకుడు అనుకుంటాడు. నిన్న రాత్రి అరెస్టైన మనిషికి ఆ క్రియ వాడకండి, ‘అరెస్టెడ్’ అనండి.

కంపెనీకి, పార్టీకి, ఫోను యాప్‌కు ఈ పలుకుబడి ఎప్పుడూ అతకదు. కంపెనీ జైలుకు వెళ్ళదు. వెళ్ళినది డైరెక్టరైతే అలాగే రాయండి.

6. శిక్షాకాలం లెక్క

అంకెలు ఉన్న వాక్యం పాఠకుడికి బాగా గుర్తుండిపోతుంది. ఇక్కడ నాలుగు చోట్ల లెక్క తప్పుతుంది.

ఏకకాలమా, వరుసగానా? ఒక నేరానికి అయిదేళ్ళు, మరో నేరానికి మూడేళ్ళు పడ్డాయనుకోండి. రెండూ ఏకకాలంలో అనుభవించాలని కోర్టు చెబితే మొత్తం అయిదేళ్ళే. కూడి ‘ఎనిమిదేళ్ళ జైలు’ అని రాయకూడదు. తీర్పు చివరి పేజీలో ‘కంకరెంట్’ అనే మాట ఉందో లేదో చూడండి.

విచారణలో గడిపిన రోజులు: నిర్ణీత కాలం శిక్ష పడితే, ఆ కేసులో విచారణ ఖైదీగా గడిపిన కాలం అందులోంచి తగ్గుతుంది. మూడేళ్ళ శిక్ష పడిన మనిషి ఇప్పటికే రెండేళ్ళు జైల్లో ఉండి ఉంటే, మిగిలినది సుమారు ఒక ఏడాది. ‘మూడేళ్ళు కటకటాల వెనక్కి’ అనే శీర్షిక పాఠకుడిని తప్పుదారి పట్టిస్తుంది. ‘మూడేళ్ళ శిక్ష’ అంటే నిజం.

జరిమానా కట్టకపోతే: ‘జరిమానా చెల్లించకపోతే మరో ఆరు నెలలు’ అన్న భాగాన్ని శిక్షకు కలపకండి. అది షరతు.

యావజ్జీవం: పద్నాలుగేళ్ళ శిక్ష అని ఇంకా చాలామంది రాస్తూనే ఉన్నారు, అది చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. యావజ్జీవ కారాగార శిక్ష అంటే ప్రభుత్వం శిక్ష తగ్గించకపోతే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో స్పష్టం చేసింది. 14 ఏళ్ళ అంకె వేరే నియమం నుంచి వచ్చింది. మరణశిక్ష కూడా ఒక శిక్షగా ఉన్న నేరంలో యావజ్జీవం పడితే, శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా కనీసం 14 ఏళ్ళు జైల్లో గడిపి ఉండాలి. అది కనీస గడువు. విడుదల తేదీగా దాన్ని చూపించకూడదు.

7. ఈ పలుకుబడి వద్దే వద్దు

పిల్లలు: నేరం చేశారన్న ఆరోపణ ఉన్న 18 ఏళ్ళలోపు పిల్లలను లాకప్పులో గానీ జైలులో గానీ ఉంచకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. వాళ్ళను అబ్జర్వేషన్ హోమ్ వంటి చోట్ల ఉంచుతారు. కాబట్టి ‘బాలుడు కటకటాల వెనక్కి’ అనే వాక్యం వాస్తవంగానూ తప్పే. పేరు, బడి, ఊరు, ఫోటో, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ ఇవ్వకూడదు. తండ్రి పేరు, వీధి పేరు ఇచ్చినా పిల్లవాడిని గుర్తుపట్టేస్తారు. ఈ విషయంలో సంపాదకుడు ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి.

గృహ నిర్బంధం: ఇంట్లో ఉన్న మనిషి ఊచల వెనుక లేడు.

అర్జీలు, ఫిర్యాదులు, ఉద్యోగ సంబంధమైన లేఖలు: ఇది పత్రికల, కథనాల మాట. బెయిలు దరఖాస్తులోనో, కంపెనీ మానవ వనరుల విభాగానికి రాసే లేఖలోనో ‘ఇన్ జ్యుడీషియల్ కస్టడీ’ అని తేదీతో సహా రాయండి.

జోస్యం: ‘త్వరలో కటకటాల వెనక్కి’ అని తీర్పుకు ముందే రాయకండి. నాయకుడు సభలో అలా అని ఉంటే అతని మాటగా, ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టండి.

8. తెలుగులో రాసేటప్పుడు

మాటకు మాట పెట్టి ‘బార్ల వెనుక’ అని రాస్తే తెలుగు పాఠకుడికి మద్యం దుకాణం గుర్తొస్తుంది. యంత్రానువాదాన్ని దిద్దేవాళ్ళు ముందు ఈ మాట కోసం వెతకండి.

మనకు సొంత మాటలు చాలానే ఉన్నాయి. వాటి స్వరం తెలుసుకుని వాడాలి. ‘కటకటాల వెనుక’ పత్రికల్లో స్థిరపడిన మాట, శీర్షికలో ఇమిడిపోతుంది. ‘జైలుపాలయ్యాడు’లో కొంచెం జాలి, కొంచెం నింద రెండూ ఉన్నాయి. ‘ఊచలు లెక్కపెడుతున్నాడు’, ‘చిప్పకూడు తింటున్నాడు’, ‘శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్ళాడు’ అనేవి ఎగతాళి మాటలు. కథలో పాత్ర నోట ఎంతో బాగుంటాయి. వార్తలో, అందులోనూ విచారణ ఖైదీ గురించి, రాయకూడదు. అతని ఇంట్లో ఆ వార్త చదివే తల్లో, భార్యో, బడికి వెళ్ళే బిడ్డో ఉంటారు.

క్రియాంతం గురించి ఒక మాట. మన భాషలో ‘ఉన్నాడు’, ‘ఉన్నారు’ అనే ఎంపిక తప్పించుకోలేం. రాజకీయ నాయకుడు జైలుకు వెళ్తే ‘వెళ్ళారు’, తాపీ మేస్త్రి వెళ్తే ‘వెళ్ళాడు’ అని రాయడం అన్యాయం. ఇద్దరి మీదా ఉన్నది ఆరోపణే. మీ సంస్థలో ఒక నియమం పెట్టుకోండి: నిందితులందరికీ ఒకటే రూపం. నేనైతే తీర్పు వచ్చేదాకా అందరికీ ‘రు’ పెట్టమంటాను. ఈ మార్గదర్శిలో ‘ఉన్నాడు’ అని రాసినవన్నీ ఊహాజనిత ఉదాహరణలు కాబట్టి అలా సాగాయి. నిజమైన మనుషుల ప్రస్తావన వచ్చినచోట ‘రు’ ఉండడం గమనించే ఉంటారు.

శిక్షల పేర్లకు స్థిరమైన తెలుగు ఉంది: సాధారణ కారాగార శిక్ష, కఠిన కారాగార శిక్ష, యావజ్జీవ కారాగార శిక్ష. తీర్పు వార్త మొదటి పేరాలో వీటినే వాడండి. ‘కటకటాలు’ శీర్షికలో ఒకసారి వస్తే చాలు.

9. తప్పులు, సవరణలు

- ‘పుట్ బిహైండ్ ద బార్స్’: ‘ద’ తీసేయండి.
- ‘ఈజ్ బిహైండ్ బార్స్ ఫ్రమ్ 2022’: ‘హ్యాజ్ బీన్ బిహైండ్ బార్స్ సిన్స్ 2022’.
- ‘సెంట్ టు బిహైండ్ బార్స్’: ‘టు’ తీసేయండి.
- ‘దొంగ కటకటాల వెనక్కి’, విచారణ ఇంకా మొదలు కాలేదు: ‘చోరీ కేసులో నిందితునికి రిమాండు’.
- ‘నేరగాడికి బెయిలు’: ‘నిందితునికి బెయిలు’. అప్పీలు దశలో అయితే ‘దోషిగా తేలిన వ్యక్తికి బెయిలు’.
- ‘బెయిలుపై నిర్దోషిగా విడుదల’: బెయిలు అంటే నిర్దోషి అని కాదు. ఆదేశం చదివి రెండింటిలో ఒకటి ఉంచండి.
- ‘ఛార్జిషీటుతో నేరం రుజువు’: ‘ఛార్జిషీటు దాఖలు’.

10. పంపే ముందు, ప్రచురించాక

పంపే ముందు శీర్షికను వార్త నుంచి విడదీసి ఒక్కదాన్నే చదవండి. ఫోనులో చాలామంది చదివేది అంతవరకే. ‘నిందితుడు’ అనే మాట నాలుగో పేరాలో ఉండి శీర్షికలో లేకపోతే వార్త సరైనదని చెప్పలేం. చోటు చాలకపోతే ‘కటకటాలు’ తీసేసి ‘నిందితుడు’ ఉంచండి.

తర్వాత ఇవి చూసుకోండి:

- ‘ఈ రోజు’, ‘ప్రస్తుతం’ అనే మాటల పక్కన తేదీ ఉందా?
- జైలుకు పంపిన కోర్టు పేరు ఉందా?
- ఫోటో కింద రాసిన వాక్యం కూడా శీర్షికతో సమానంగా జాగ్రత్తగా ఉందా?
- నిందితుల తరఫు మాట ఉందా, అడిగినా జవాబు రాలేదన్న వాక్యమైనా ఉందా?

ప్రచురించాక పని ఇంకా ఉంటుంది. అరెస్టు వార్త రాసిన రోజునే తదుపరి వాయిదా తేదీని క్యాలెండరులో పెట్టుకోండి. బెయిలు వచ్చినా, కేసు కొట్టేసినా, నిర్దోషిగా తేలినా పాత వార్త పైభాగంలో తేదీతో ఒక వాక్యం చేర్చండి. ఆ వ్యక్తి తరఫువాళ్ళు తీర్పు ప్రతి పంపితే, కోర్టు వెబ్‌సైటులో సరిపోల్చి అదే రోజు మార్చండి. శీర్షికతో పాటు వెబ్ చిరునామాలో ఉన్న మాటలు, వెతుకులాటలో కనిపించే చిన్న వివరణ, సామాజిక మాధ్యమాల్లో పెట్టిన బొమ్మ మీది అక్షరాలు కూడా మారాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు, పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు ఒక పేరును వెతికినప్పుడు మొదట కనిపించేవి అవే.